స్విచ్ అంటే లైటు వేసేది కాదట!

"స్విచ్ కావాలండీ" అని అడిగితే ట్రూప్ బజార్‌లో షాపతను నా ముందు పదహారు రకాలు పరిచాడు. తెల్లవి, దంతం రంగువి, వెనక నీలం లైటు వెలిగేవి, పక్కనే ఫ్యాను రెగ్యులేటర్ ఉన్నవి. "ఇవి కావండీ, ఇంటర్‌నెట్ స్విచ్" అన్నాను. ఆయన నన్నోసారి, నా సంచీలోంచి తొంగిచూస్తున్న తోటకూర కట్టల్ని ఓసారి చూసి, "అది మా దగ్గర ఉండదమ్మా, కోఠీలో గుజరాతీ గల్లీకి పోవాలి. కానీ ఇవాళ ఆదివారం కదా, బంద్ ఉంటది" అన్నాడు.

అలా నా మొదటి ప్రయత్నం ముగిసింది. వట్టి చేతులతో రావడం ఇష్టంలేక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఆగి ముప్ఫై రూపాయలకి ఒక పాత వ్యాసాల సంపుటి కొనుక్కుని ఇంటికొచ్చాను. "స్విచ్ ఏదీ?" అన్నారు మావారు. పుస్తకం చూపించాను. ఆయన నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

మీలో చాలామందిలాగే నాకూ స్విచ్ అంటే గోడ మీద ఉండేదే. బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్ని. పద్యమిస్తే గణాలు విడదీస్తాను గానీ వైర్లు విడదీయడం నా పని అని ఎప్పుడూ అనుకోలేదు. అసలు ఇదంతా ఎందుకు నెత్తిన వేసుకున్నానో చెప్పాలంటే ముందు మా ఇంటి గోడల గురించి చెప్పాలి.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సన్న గల్లీలో ఉంది. మామయ్యగారి నాన్నగారు కొన్నది. రాళ్ళూ డంగు సున్నంతో కట్టిన గోడలు. కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు, గోడ అంత మందం. మే నెలలో కూడా కూలర్ అక్కర్లేదని చుట్టాల దగ్గర గొప్పలు పోయేదాన్ని. ఆ గోడలే వైఫైకి శత్రువులని తర్వాత తెలిసింది. నెట్ పెట్టె కింద హాల్లో ఉంటుంది, వీధిలోంచి వైరు వచ్చేది అటే కాబట్టి. హాల్లో అంతా బ్రహ్మాండం. ఒక గోడ దాటితే సగం. రెండు గోడలు దాటితే, అంటే పైన పిల్లల గదుల్లోనూ వెనక మామయ్యగారి గదిలోనూ, ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇన్నాళ్ళూ సర్దుకుపోయాం. ఎవరికి పని ఉంటే వాళ్ళు హాల్లోకి వచ్చి కూర్చునేవాళ్ళు. అందరికీ ఒకేసారి పని పడినప్పుడు మాత్రం హాలు రైల్వే వెయిటింగ్ రూమ్ అయ్యేది.

జూన్ చివర్లో మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. మూడో రౌండు, వీడియోలో. రెండు దాటేసరికి మా ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది. హాల్లో అయితే మామయ్యగారి టీవీ, నా కుక్కర్ విజిల్, గల్లీలో తోపుడు బండి వాళ్ళ కేకలు. అందుకని పైన తన గదిలోనే కూర్చుంది. పావుగంట బాగానే నడిచింది. తర్వాత వాళ్ళ మొహాలు ఆగిపోయాయి. ఇది మాట్లాడుతూనే ఉంది, వాళ్ళకి వినపడలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగి హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి కాల్ తెగిపోయింది. మళ్ళీ కలిపితే "సరే, మేమే కబురు చేస్తాం" అన్నారు. చేయలేదు.

నెట్ వల్లే పోయిందని నేననను. ఏం కారణమో వాళ్ళకే తెలియాలి. కానీ మా అమ్మాయి ఆ రోజు ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసి వేసుకున్న చున్నీని మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. ఏడ్చినా బాగుండేది అనిపించింది నాకు.

మావారు వెంటనే ఒక వైఫై రిపీటర్ తెప్పించారు. గోడకి పెట్టుకునే బుల్లి పెట్టె. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించాయి గానీ పని మాత్రం అంతంతే. దానికి అందేదే నీరసమైన సిగ్నల్ అయితే అది పంచేదీ నీరసంగానే ఉంటుంది కదా. పలచని మజ్జిగలో ఇంకో గ్లాసు నీళ్ళు పోసినట్టు. వాపసు ఇచ్చేశాం.

మా గల్లీలో కెమెరాలు బిగించే కుర్రాడు ఒకడున్నాడు. వాణ్ణి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేశాడు: "ఈ గోడలకి వైఫై కాదు ఆంటీ. వైరు గుంజేయండి. ఒక్కసారి పని, మళ్ళీ ఫికర్ ఉండదు." వైరు లాగడం సరే, పెట్టాల్సిన చోటు? మా నెట్ పెట్టెకి వెనక రెండే రంధ్రాలు. వాటినే పోర్టులంటారు. "అందుకే మధ్యలో ఒక స్విచ్ పెట్టుకోవాలి" అన్నాడు.

"నేను చూస్తాలే, నీకెందుకు ఆ గొడవ" అన్నారు మావారు. ఆయన చూస్తానన్న పంపు వాషర్ మూడు నెలలుగా కారుతూనే ఉంది. చీరలకి ఫాల్స్ కుట్టగా వచ్చిన డబ్బు నా దగ్గర నాలుగు వేలుంది. "ఏమండీ, డబ్బు నాది, పనీ నాదే" అన్నాను. అలా మొదలైంది.

ముందు అసలు అదేమిటో అర్థం కావాలి కదా. మా అమ్మాయి చెప్పింది గానీ సగం ఇంగ్లీషులో పోయింది. చివరికి విడమరిచి చెప్పింది ఎవరో తెలుసా? మా మామయ్యగారు. ఆయనకి ఎనభై ఒకటి. రైల్వేలో పాయింట్లు మార్చే పనితో మొదలుపెట్టి రిటైరైన మనిషి. మనవరాలు చెప్పేది పక్కన కూర్చుని విని, "అంటే మన పాయింట్లే కదుటే!" అన్నారు.

"నాంపల్లి స్టేషన్ చూశావు కదా అమ్మాయ్. అది చివరి స్టేషన్, పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. బయటి నుంచి వచ్చే బండ్లన్నీ అదే దారిలో రావాలి. లోపలికొచ్చాక ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి పోవాలో పాయింట్లు మార్చి పంపిస్తాం. ఒకటో నంబర్‌లోకి పోవాల్సిన బండిని అన్ని ప్లాట్‌ఫారాల మీదా తిప్పం కదా. ఇదీ అంతే."

అచ్చంగా అంతేనట. పాతకాలంలో హబ్ అని ఉండేదట. అది దండోరా వేసేవాడి లాంటిది. ఒకరి కోసం వచ్చిన మాటని అందరికీ వినిపించేది. స్విచ్ అలా కాదు. ఏ రంధ్రంలో ఎవరున్నారో గుర్తుపెట్టుకుని వాళ్ళది వాళ్ళకే పంపుతుంది. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఈ మాట చెబితే, "వదినా, అమెరికాలో రైలు పాయింట్లని కూడా స్విచ్ అనే అంటారు" అంది. మామయ్యగారు ఆ రోజంతా మీసం మెలేస్తూనే ఉన్నారు.

సరే, నోట్‌బుక్ తీసి లెక్క వేశాను. అమ్మాయి ల్యాప్‌టాప్ ఒకటి. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా వాడి కంప్యూటర్ రెండు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే మావారు మూడు. ప్రింటర్ నాలుగు. టీవీ అయిదు. అయిదు పోర్టుల స్విచ్ చాలు అనుకున్నాను. నోట్‌బుక్‌లో "5" అని రాసి చుట్టూ సున్నా కూడా చుట్టాను.

సోమవారం కూర పొయ్యి మీంచి దించి బయల్దేరాను. స్టేషన్ రోడ్డు, అబిడ్స్ జీపీవో, బ్యాంక్ స్ట్రీట్ మీదుగా కోఠీ నడక నాకు అలవాటే. దారిలోనే ఒక చిన్న షాపులో కంప్యూటర్ సామాను కనిపించింది. అడిగితే అయిదు పోర్టులది అయిదు వందల యాభైకి ఇచ్చాడు. గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు, ఎంత చవకలో అయిపోయిందని సంబరపడ్డాను. తిరుగుదారిలో స్వీట్లు కూడా కొన్నాను.

ఇంటికొచ్చి పెట్టె విప్పాక మా వాడు అడిగాడు: "అమ్మా, నెట్ పెట్టె నుంచి దీంట్లోకి వైరు ఎక్కడ పెడతావు?"

అదీ ఒక పోర్టులోనే పెట్టాలి. అయిదులో ఒకటి దానికే పోతుంది. మిగిలేవి నాలుగు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. అతిథులకి వడ్డించే విస్తళ్ళు లెక్కపెట్టి వండేదానికి ఒకటి మరిచిపోయినట్టు.

రెండోది మా అమ్మాయి కనిపెట్టింది. పెట్టె మీద 10/100 అని రాసి ఉంది. అంటే సెకనుకి వంద మెగాబిట్లకి మించి పోనివ్వదు. మేం నెలనెలా డబ్బు కట్టేది రెండు వందల ప్లాన్‌కి. హాల్లోనే పొట్టి వైరుతో పెట్టి పరీక్షిస్తే తొంభై నాలుగు దగ్గర ఆగిపోయింది. నేరుగా నెట్ పెట్టెకి పెడితే నూట తొంభై పైన.

షాపుకి వెళితే "సీలు తీసింది వాపస్ తీసుకోం" అన్నాడు. తప్పు నాది. అడగాల్సింది నేను అడగలేదు.

మూడో తప్పు ఇంకా పెద్దది. దాన్ని పిల్లలు కనిపెట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున నాకే కనిపించింది.

మా మామయ్యగారు రోజూ ఉదయం ఆరింటికి కూతురితో వీడియోలో మాట్లాడతారు. అప్పుడు డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఆయన గదిలో సిగ్నల్ రాదు. అందుకని చేతికర్ర పట్టుకుని, రెండు గడపలు దాటుకుని, చీకట్లో హాల్లోకి వచ్చి సోఫా చివర కూర్చుంటారు. ఫిబ్రవరిలో ఓసారి రెండో గడప దగ్గర కాలు జారి మోకాలు కొట్టుకుంది. పది రోజులు నడవలేకపోయారు. ఆ పది రోజులూ కూతురితో మాట ఒక్కటే, మొహం లేదు. అదంతా నా కళ్ళ ముందే జరిగింది. అయినా నా నోట్‌బుక్‌లో ప్రింటర్ ఉంది, టీవీ ఉంది, ఆయన లేరు.

"మామయ్యగారూ, మీ గదికి కూడా ఒక వైరు వేయిస్తాను" అన్నాను. "నాకెందుకమ్మాయ్, పిల్లలకి చాలనీ. నేను హాల్లోకి వస్తున్నాను కదా" అన్నారు. అలా అనే మనుషుల్నే మనం లెక్కలో మరిచిపోతాం.

మళ్ళీ నోట్‌బుక్ తీశాను. ఈసారి వస్తువుల పేర్లు కాదు, మనుషుల పేర్లు రాశాను. మామయ్యగారు, మావారు, అమ్మాయి, అబ్బాయి. రాసి పెన్ను మూత పెట్టబోతుంటే మా అమ్మాయి పక్కనుంచి చూసి, "మరి నువ్వో?" అంది. నేను రాసుకునేది వంటింటి వెనక వరండాలో, భోజనాల బల్ల మీద, దాని పాత ల్యాప్‌టాప్‌లో. అక్కడా సిగ్నల్ రాదు. రాసింది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హాల్లోకి వచ్చి పోస్ట్ చేస్తాను. ఎన్నేళ్ళుగానో అంతే. అందుకని అయిదో పేరు నాది. నెట్ పెట్టె నుంచి వచ్చే వైరుకి ఒకటి. ఆరు. అయిదు తర్వాత షాపుల్లో దొరికేది ఎనిమిదే.

ఈసారి తిన్నగా గుజరాతీ గల్లీకే వెళ్ళాను. ఆ సందు మీకు తెలుసుగా, స్పీకర్లు, కెమెరాలు, వైర్ల చుట్టలు, మనిషి పట్టేంత దారి. ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర టీ తాగుతున్నాడు. "కిత్నే పోర్ట్ హోనా అమ్మా?" అన్నాడు. నోట్‌బుక్ ఆయన ముందు పెట్టేశాను. చదివి, తెలుగూ హిందీ కలిపి ఓపిగ్గా చెప్పాడు. నాకు అర్థమైంది మీకోసం రాస్తున్నాను.

ఒకటి, వేగం. వీడియో కాల్‌కి నిజానికి నాలుగైదు మెగాబిట్లున్నా నడుస్తుంది. ఒక్క మనిషికి వంద ఎక్కువే. కానీ ఇంట్లో అందరి బండ్లూ నెట్ పెట్టె దాకా పోవాల్సింది ఆ ఒక్క వైరులోంచే. అక్కడ వంద దగ్గర ఆగిపోతే అందరికీ కలిపి అంతే. గిగాబిట్ అయితే వెయ్యి దాకా వదులుతుంది. పెట్టె మీద 10/100/1000 అని ఉందో లేదో చూసుకోండి. చివరి సున్నా లెక్కపెట్టండి.

రెండు, మనకి అక్కర్లేనివి. మేనేజ్డ్ అని ఒక రకం ఉంది. ఎవరికి ఎంత, ఎవరితో ఎవరు మాట్లాడాలి అని కూర్చుని సెట్ చేసుకోవచ్చు. ఆఫీసులకి అవసరం. ఇంటికి అన్‌మేనేజ్డ్ చాలు. వైర్లు పెట్టేసి మరిచిపోవడమే. పీవోఈ అని ఇంకో రకం ఉంది. నెట్ వైరులోంచే కరెంటు కూడా పంపుతుంది. కెమెరాలు పెట్టుకునేవాళ్ళకి పనికొస్తుంది, ధర ఎక్కువ. మాకు కెమెరాలు లేవు కాబట్టి వద్దన్నాను.

మూడు, ఫ్యాను. చిన్న స్విచ్‌లలో ఫ్యాను ఉండదు, చప్పుడు ఉండదు. వేడి మాత్రం కాస్త పుడుతుంది. బట్టల బీరువాలోనో పుస్తకాల వెనకో దాచకుండా గాలి తగిలేచోట పెట్టాలి.

డీ-లింక్, నెట్‌గేర్, టీపీ-లింక్ మూడూ చూపించాడు. మాలాంటి ఇంటికి మూడూ చేసే పని ఒకటే. నేను టీపీ-లింక్ ఎనిమిది పోర్టుల గిగాబిట్ తీసుకున్నాను. బేరమాడితే పద్నాలుగు వందల యాభైకి వచ్చింది. బిల్లు, వారంటీ కాగితం అడిగి మరీ తీసుకున్నాను. అయిదు వందల యాభైకి నేర్చుకున్న పాఠం అది.

నాలుగోది వైరు. ఇది నేను అసలు ఊహించనిది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ముక్కలు తీసి బ్లేడుతో లోపలి తీగని గీకాడు. ఒకటి లోపలంతా రాగి రంగే. రెండోది పైన రాగి, గీకితే లోపల తెల్లగా అల్యూమినియం. పూత పూసిందన్నమాట. గిల్టు నగే! అది చవక గానీ త్వరగా విరుగుతుందట, దూరం పోయేకొద్దీ నీరసిస్తుందట. అసలు రాగి వైరు, క్యాట్ సిక్స్ రకం, మీటరు ఇరవై రెండు చొప్పున అరవై మీటర్లు తీసుకున్నాను. ఈ వైరు నూరు మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. మన ఇళ్ళల్లో అంత దూరం ఎక్కడుంటుంది?

శ్రావణ మాసం రాకముందే, ఇల్లు కడుక్కునే హడావుడి మొదలుకాకముందే పని పెట్టించాను. కెమెరాల కుర్రాడు మధ్యాహ్నం వచ్చాడు. గోడలు తొలిస్తే మామయ్యగారు బాధపడతారని నా భయం. ఆయనే కర్రతో చూపించారు, పాత వెంటిలేటర్లు ఎక్కడెక్కడున్నాయో. వాటిలోంచే వైర్లన్నీ వెళ్ళిపోయాయి. ఒక్క కన్నం కూడా పడలేదు. కరెంటు వైర్ల పక్కనే కట్టకుండా జానెడు ఎడం ఉంచమన్నాడు కుర్రాడు. మెట్ల మలుపులో ఉన్న అటక మీద స్విచ్ పెట్టాం, ఇంటికి మధ్యలో అదే కాబట్టి.

వైరు చివర ప్లాస్టిక్ ముక్క బిగించడం చూశాను. లోపల ఎనిమిది తీగలు, ఎనిమిది రంగులు. వరస తప్పకూడదు. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. గణాలు గుర్తుండడానికి మేం యమాతారాజభానసలగం అని పాడుకున్నట్టే, నేనూ ఒకటి కట్టుకున్నాను: తెనా-నా-తెఆ-నీ-తెనీ-ఆ-తెగో-గో. కుర్రాడు పడీపడీ నవ్వాడు. కానీ నా వరండా వైరుకి చివర నేనే బిగించాను.

మొదటిసారి దీపం వెలిగింది గానీ వేగం వందే వచ్చింది. వందకి నాలుగు తీగలు చాలట, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలట. నా "తెగో" సరిగా దిగలేదు. కోసి మళ్ళీ బిగించాను. ఈసారి వచ్చింది. బి.ఏ. పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు నేను.

మామయ్యగారి ఫోన్‌కి వైరు పెట్టలేం కదా. అటక మీద పాత వైఫై పెట్టె ఒకటి మూలపడి ఉంటే దాన్ని ఆయన గదిలో వైరు చివర పెట్టాం. ఇంట్లో ఒక్కొక్క పరికరానికీ నంబరు ఇచ్చే పని ఉంటుంది, దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. పాతదాంట్లో మా వాడు ఆ పని ఆపేశాడు. ఇంటికి ఇద్దరు పెద్దలు నంబర్లిస్తే గందరగోళమే కదా! టీవీ హాల్లోనే ఉంది కాబట్టి నెట్ పెట్టెలో మిగిలిన రెండో రంధ్రానికే తగిలించాం. మొదట కొన్న అయిదు పోర్టులది కూడా వృథా కాలేదు. మావారి బల్ల మీద పెట్టి ఆయన ల్యాప్‌టాప్, ప్రింటర్ దానికి కలిపాం. ఆయన ఒక్కరికి వంద ఎక్కువే.

మొత్తం ఖర్చు చెప్పాలి కదా. మొదటి స్విచ్ 550, రెండోది 1,450, వైరు 1,320, ప్లాస్టిక్ ముక్కలు 150, కుర్రాడి కూలి 800. వెరసి 4,270 రూపాయలు. నా నాలుగు వేలకి రెండు వందల డెబ్భై ఎక్కువైంది. ఆ మిగతాది మావారు ఇచ్చారు, మాట్లాడకుండా.

అంతా సుఖాంతం అనుకునేరు. వారం తర్వాత ఓ ఉదయం ఇల్లంతా నెట్ ఆగిపోయింది. మావారు కంపెనీకి ఫోన్ చేసి అరగంట కేకలు వేశారు. నేను అటక ఎక్కి చూస్తే స్విచ్ దీపాలన్నీ పూనకం వచ్చినట్టు ఒక్కటిగా కొట్టుకుంటున్నాయి. ముందురోజు బూజు దులుపుతూ, వేలాడుతున్న ఒక పొట్టి వైరు చివర కనిపిస్తే ఊడిపోయిందేమోనని ఖాళీ రంధ్రంలో దోపాను. దాని రెండో చివర కూడా అదే స్విచ్‌లో ఉంది! తన తోక తనే మింగిన పాములాగ, వెళ్ళిన మాటే తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇంకెవరికీ దారి లేకుండా చేసిందట. తీసేస్తే నిమిషంలో సర్దుకుంది. మావారికి చెప్పాలా వద్దా అని గంటసేపు ఆలోచించి చెప్పాను. ఆయనా ఆ కంపెనీకి మళ్ళీ ఫోన్ చేసి క్షమించమన్నారు. మీరు మాత్రం ఆ పని చేయకండి.

ఇంకో జాగ్రత్త. కరెంటు పోయినా నెట్ పోకుండా చిన్న యూపీఎస్ పెట్టుకునేవాళ్ళు స్విచ్‌ని కూడా దానికి కలిపేముందు వోల్టేజి చూసుకోండి. మా నెట్ పెట్టెకి పన్నెండు వోల్టులు, స్విచ్‌కి అయిదే. పిన్ను పట్టింది కదా అని గుచ్చితే కాలిపోతుంది. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఈ మధ్య మా అమ్మాయికి ఇంకో రెండు ఇంటర్వ్యూలయ్యాయి, తన గదిలోనే, తలుపు వేసుకుని. ఒకచోట వద్దన్నారు. ఇంకోచోట నుంచి కబురు రావాలి. వద్దన్న రోజు సాయంత్రం కిందికి వచ్చి, "ఈసారి నేను చెప్పాల్సిందంతా విన్నాకే వద్దన్నారమ్మా" అంది. తర్వాత ఉల్లిపాయ పకోడీ చేయమని అడిగింది. చున్నీ ఇంకా కుర్చీ మీదే ఉంది, బీరువాలోకి పోలేదు.

మామయ్యగారు ఇప్పుడు మంచం మీద దిండుకి ఆనుకునే కూతురితో మాట్లాడుతున్నారు. ఉదయం కాఫీ ఇవ్వడానికి వెళితే ఫోన్ నావైపు తిప్పి, "మీ వదిన వేసిన లైను" అని చూపిస్తారు. గడప దగ్గర కర్ర చప్పుడు వినపడక మొదటి రెండు రోజులు నాకే కంగారుగా అనిపించింది, లేచారా లేదా అని.

ఇది మీరు చదువుతున్నారంటే, వరండాలో భోజనాల బల్ల మీద నుంచే పంపించాను. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి ఎదురుచూస్తున్నాయి. పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు, అవసరం రాలేదు.

ఎనిమిదిలో రెండు పోర్టులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. "అనవసరంగా పెద్దది కొన్నావు" అని మావారు ఓసారి అన్నారు. దసరాకి ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు, ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ల్యాప్‌టాప్‌లు. అప్పుడు అడుగుతాను ఆయన్ని.

మీరూ కొనబోతుంటే ముందు నోట్‌బుక్ తీసి ఇంట్లో పేర్లు రాసుకోండి. మీ పేరు రాశారో లేదో మళ్ళీ ఒకసారి చూసుకోండి. తర్వాత దానికి ఒకటి కలపండి, నెట్ పెట్టె వైరు కోసం. ఆదివారం మాత్రం వెళ్ళకండి. వెళ్ళినా, అబిడ్స్‌లో పుస్తకాలు దొరుకుతాయిలెండి.